ఉత్తుత్తి కార్డు

మా అత్తగారు గుమ్మానికి కట్టిన నిమ్మకాయలు తెంపి పులిహోరలో పిండిన మనిషిని నేను. దెయ్యాలు, దిష్టి, గాలి సోకడం, వీటిలో ఏ ఒక్కదానికీ నా బుర్రలో చోటు లేదు. ఎవరైనా అలాంటి సంగతి చెప్పబోతే, "ముందు ఫ్యూజు చూశారా?" అని అడిగేస్తాను. అందుకే చుట్టాల్లో నాకు మొండిఘటం అని పేరు. ఆ పేరుకు నాకేం బాధ లేదు.

ఇంత చెప్పి కూడా ఇది రాస్తున్నానంటే, ఇన్నేళ్లుగా జవాబు దొరకలేదు కాబట్టి రాస్తున్నాను. చదివాక మీకేమైనా తోస్తే సంతోషం.

తొంభైల మొదట్లో నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుగా చేసేదాన్ని. ఇల్లు ఉప్పల్లో. పొద్దున్నే చౌరస్తాలో బస్సెక్కి, హబ్సిగూడ మీదుగా ఒంటికాలి మీద నిలబడి వెళ్లేదాన్ని. మా ఫ్యాక్టరీలో మోటార్లకీ ట్రాన్స్‌ఫార్మర్లకీ కాయిళ్లు చుట్టేవాళ్లు. వాటిని బిగించే ఇనుప పెట్టెలకు రంగు వేసేవాళ్లు.

ఈ రెండు పనులకూ ఒకటే ఓవెన్. ఓవెన్ అంటే కేకులు చేసే డబ్బా అనుకునేరు, మనిషి నడిచి లోపలికి వెళ్లగలిగే ఇనుప గది. రంగు వేసిన పెట్టెలకు 170 డిగ్రీలు కావాలి. వార్నిష్‌లో ముంచిన కాయిళ్లకు 110 చాలు, అంతకంటే బాగా ఎక్కువైతే థిన్నరు ఆవిరి అంటుకుంటుంది.

ఆ వేడిని అదుపు చేసేది పక్కనే గోడకు బిగించిన ఒక రేకు డబ్బా. దాని లోపల ఉన్నది ఒకే ఒక్క కార్డు. ప్రాసెసరు, మెమరీ, బటన్లు, మూడు ఎర్ర అంకెలు, అన్నీ ఆ కార్డు మీదే. పుస్తకమంత సైజులో అదొక పూర్తి కంప్యూటరు. ఆ ఎర్ర అంకెలు చూపించేది లోపలున్న వేడి కాదు, పెట్టిన వేడి. పాత కాలిక్యులేటర్లలో ఉండే రకం అంకెలు, ఒక్కో అంకెకు ఏడు గీతలు, ఏవి వెలిగితే ఆ అంకె.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. షిఫ్టు దిగేవాడు, ఎక్కేవాడికి కావలసిన వేడి పెట్టి దిగేవాడు. ఎవరూ పెట్టిన రూలు కాదది, ఒకరికొకరు చేసుకునే సాయం. వచ్చినవాడు అంకె చూసుకుని సామాను లోపలికి తోసేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టులో ఓవెన్ అంటుకుంది. లోపల కాయిళ్లు, ఆపరేటరు మల్లేశ్. మంటలు ఆర్పింది కూడా అతనే, ఇసుక బకెట్లతో. మోచేతి దాకా కాలి దవాఖానాలో పడ్డాడు. ఓవెను పోయింది, కాయిళ్లు పోయాయి, గోడ మీది డబ్బా కాలి బొగ్గయింది.

మొదటి షిఫ్టువాళ్లు పెట్టెలు కాల్చి 170 మీదే వదిలి వెళ్లారని తేలింది. ఆ రోజు సాయం చేయడం మరిచిపోయారు. అది నేరం కాదు కదా, చూసుకోవాల్సింది ఎక్కినవాడు. మల్లేశ్ చూసుకోకుండా కాయిళ్లు తోశాడని, నిర్లక్ష్యమని, అతన్ని సస్పెండు చేసి విచారణ పెట్టారు. నిర్లక్ష్యం రుజువైతే ఉద్యోగం పోతుంది. ఆ పేరుతో బయటికి వెళ్తే నాచారంలోనే కాదు, అటు చర్లపల్లి ఫ్యాక్టరీల్లో కూడా ఎవరూ గేటు లోపలికి రానివ్వరు.

మల్లేశ్ మాత్రం ఒకటే మాట. నేను దవాఖానాకు వెళ్లినప్పుడు చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నూటపదే ఉండె మేడం. నా కండ్లతోని సూసిన. బండి తోసేముందు సూసిన, తలుపు మూసినంక సూసిన."

"లోపల వేడిగా అనిపించలేదా?"

"పెట్టెలు తీసేటోళ్లు తలుపు బార్లా తెరిసే పెడ్తరు గద మేడం. లోపట సల్లగనే ఉంటది. నేనేమన్న కొత్తోన్నా?"

అతని భార్య పద్మ పక్కనే నిలబడి కొంగు నలుపుతోంది. వాళ్లది పీర్జాదిగూడ, అప్పట్లో అది ఊరే. నన్ను గేటు దాకా సాగనంపుతూ అడిగింది. "అక్కా, ఈయన అబద్ధమాడే మనిషి కాదు. ఇంట్ల గూడ అబద్ధం చెప్పరాదు ఈయనకు. గని ఆ మిషిని 170 ఉన్నదని అందరంటున్నరు. ఎవలని నమ్మాలె?"

మిషను అబద్ధం చెప్పదు, ఆ సంగతి నాకు తెలుసు. మల్లేశ్ కూడా చెప్పడు, అదీ తెలుసు. విచారిస్తున్నది మా జీఎం గారే. కార్డు బాగానే పనిచేసిందని మెయింటెనెన్సు ఫోర్‌మన్ సత్తయ్య అప్పటికే వాంగ్మూలం ఇచ్చాడు. కాలిపోయిన కార్డును ఇంకెవరు పరీక్షిస్తారు? అక్కడితో దారి మూసుకుపోయింది.

ఇక నా పని దగ్గరికి వస్తాను. కొత్త ఓవెను, కొత్త కార్డు రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా కార్డులో నడిచే ప్రోగ్రాముకు ఒక మార్పు చేసి పెట్టమన్నారు, వేడి హద్దు దాటితే గంట మోగేట్టు. బాగానే ఉంది, కార్డే లేకుండా ప్రోగ్రాము దేని మీద నడిపి చూసుకోను? జీఎం గారిని అడిగితే, "ఇంజనీరువి నువ్వు, నన్నడుగుతావేంటమ్మా?" అన్నారు. ఒళ్లు మండింది.

ఆ మంటలోనే పుట్టింది ఆలోచన. నా బల్ల మీద ఒక 386 పీసీ ఉంది. కార్డు మీది ప్రాసెసరు ఒక్కో ఆజ్ఞకు ఏం చేస్తుందో, అదంతా ఈ పీసీ చేత చేయించేలా ఒక ప్రోగ్రాము రాశాను. అంటే పీసీ లోపల కార్డు లేని కార్డు. అసలు కార్డులోని ప్రోగ్రాము ఇందులోకి ఎక్కిస్తే, అది తన సొంత కార్డు మీదే ఉన్నాననుకుని నడుస్తుంది. కీబోర్డు మీద కొన్ని మీటలు దాని బటన్లు. తెర మీద మూడు ఎర్ర అంకెలు. ఓవెను వేడెక్కడం, చల్లబడటం కూడా లెక్క కట్టి చూపించేది. ఇప్పుడు ఇలాంటిదాన్ని ఎమ్యులేటర్ అంటున్నారు. మేము ఉత్తుత్తి కార్డు అనేవాళ్లం.

గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, చక్కగా కుదిరింది. ఆఫీసులో ఫ్లాపీ మీద దాచిన ప్రోగ్రాము ఎక్కించి చాలా రోజులు నడిపాను. ఎక్కడా తేడా రాలేదు.

తర్వాత ఒక అనుమానం వచ్చింది. ఫ్లాపీలో ఉన్నదీ, కాలిపోయిన కార్డులో ఉన్నదీ ఒకటేనా? మధ్యలో ఎవరైనా ఏమైనా మార్చి ఉంటే? స్టోర్సులో మూలన పడేసిన బొగ్గు కార్డు తెప్పించి, అందులోంచి ప్రోగ్రాము చిప్పు ఊడబీకాను. మసి తుడిచి, స్పిరిటుతో కడిగి చూస్తే, ఆశ్చర్యంగా అది బతికే ఉంది. అందులోది పీసీలోకి చదువుకున్నాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే ఒక్క అక్షరం తేడా లేదు. సరే, వచ్చింది కదా అని ఈసారి కాలిన చిప్పులోదే ఉత్తుత్తి కార్డుకు ఎక్కించి, 170 పెట్టి, భోజనానికి క్యాంటీన్‌కు పోయాను.

తిరిగొచ్చేసరికి తెర మీద 110 ఉంది.

"నా పీసీ ఎవరు ముట్టుకున్నారు?" అని గది అదిరేలా అరిచాను. ఎవరూ ముట్టుకోలేదు. ఉన్నదే ఇద్దరం, ఆ రెండో ఆయన నాతోనే క్యాంటీన్‌లో పప్పు తింటున్నాడు. లోపల మెమరీలో ఏముందో చూసుకునే వీలు పెట్టుకున్నాను కాబట్టి చూశాను. పెట్టిన వేడి 170. ఓవెను వేడి కూడా 170. తెర మీద మాత్రం 110.

దగ్గరికి జరిగి చూశాను. నడిమి అంకెకు పై గీత లేదు. 7కు పై గీత తీసేస్తే ఏమవుతుంది? కాగితం మీద గీసుకోండి, శుభ్రమైన 1 అవుతుంది.

ఒళ్లు జలదరించిందని రాస్తే అబద్ధం. నాకు చిరాకేసింది, నా ప్రోగ్రాములో తప్పుందని. అంకెలు గీసే భాగం తీసి చూశాను. మూడు అంకెలనూ గీసేది ఒకటే ముక్క. గీత గీస్తే మూడింటికీ గీయాలి, మానేస్తే మూడింటికీ మానేయాలి. నడిమి అంకె మీద దానికి ప్రత్యేకమైన పగేమీ లేదు. 120 పెట్టాను, 150 పెట్టాను. నడిమి అంకె నెత్తి మీద గీత రాలేదు. పీసీ ఆపి మళ్లీ పెడితే వచ్చింది. 170 మీద కాసేపు నడవనిస్తే మళ్లీ పోయింది.

అప్పుడు గుర్తొచ్చాడు మల్లేశ్.

అసలు కార్డులో అలాంటి జబ్బు రావడం మామూలే. ఎక్కడో ఒక టంకం వదులవుతుంది, వేడికి విడిపోతుంది, ఒక గీత ఆరిపోతుంది. అలా జరిగి ఉంటే 170 చూపించాల్సిన డబ్బా 110 చూపిస్తుంది. మల్లేశ్ చూసింది నిజమే అవుతుంది. దిగినవాడు తన కోసం పెట్టి వెళ్లాడనే అనుకుంటాడు, ఎవరైనా అంతే అనుకుంటారు.

కానీ టంకం కార్డులో ఉంటుంది. చిప్పులో ఉండేది ప్రోగ్రాము ఒక్కటే. ఇంటి జమాఖర్చు పుస్తకం ఎత్తి రాసుకున్నంత మాత్రాన ఆ ఇంటి పైకప్పు కారడం కూడా వెంట రాదు కదా! ఫ్లాపీలోది మళ్లీ ఎక్కించి పొద్దంతా నడిపాను, గీత పోలేదు. కాలిన చిప్పులోది ఎక్కిస్తే పోయింది. అకౌంట్సు వాళ్ల పీసీ మీద నడిపి చూశాను, అక్కడా అంతే. రెండింటినీ మళ్లీ పోల్చి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు.

జీఎం గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు. "అమ్మా, నువ్వు గీసిన బొమ్మ నువ్వు చెప్పినట్టే ఆడుతుంది. గీత పోవాలంటే పోతుంది, ఉండాలంటే ఉంటుంది. అది సాక్ష్యం ఎలా అవుతుంది?"

ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. అయినా పట్టు వదల్లేదు. "నమ్మొద్దు సార్. 7 ఎలా 1 అవుతుందో ఒక్కసారి అందరూ చూడండి, చాలు" అన్నాను. ఆయనకు నా మొండితనం తెలుసు. సరేనన్నారు.

విచారణ చివరి రోజు పీసీని కాయిళ్ల ట్రాలీ మీద మీటింగు గదిలోకి తోయించాను. జీఎం గారు, ఇద్దరు ఆఫీసర్లు, కట్టు విప్పిన చేత్తో మల్లేశ్, సాక్షిగా సత్తయ్య. ఈ సత్తయ్యకు రిటైరుమెంటు దగ్గర పడింది. నోరు పెద్దది, మనసు మంచిదని అందరూ అనేవాళ్లు. కాలిన చిప్పులోది ఎక్కించి 170 పెట్టి, కాసేపు ఆగమన్నాను.

జీఎం గారు మళ్లీ అడిగారు. "సత్తయ్యా, మంటలకు ముందు కార్డు ఎలా ఉంది?"

"మంచిగనే ఉండె సార్. ఫికరే లేకుండె."

మల్లేశ్ తల వంచుకుని తన చేతి మీది కాలిన చర్మం చూసుకుంటున్నాడు.

ఆ మాటల్లోనే తెర మీద గీత పోయింది. 170 కాస్తా 110 అయింది.

నేను నోరు తెరిచేలోపే సత్తయ్య కుర్చీలోంచి లేచాడు. "ఆగుండ్రి మేడం, గిట్ల జర కొడ్తె వస్తది" అంటూ అలవాటుగా మానిటరు పక్కన అరచేత్తో ఒక్కటి చరిచాడు.

గీత వచ్చింది. 170.

సత్తయ్యది ఎప్పుడూ అదే పద్ధతి, క్యాంటీన్ రేడియో అయినా, గేటు దగ్గరి టైము గడియారమైనా ముందు ఒక దెబ్బ వేసి చూస్తాడు. అందుకని అతను కొట్టడంలో వింత లేదు. కానీ పోయింది గీత అనీ, కొడితే వస్తుందనీ నేను చెప్పకముందే అతనికి తెలుసు, అదీ అందరికీ అర్థమైన సంగతి. నాకొక్కదానికే ఇంకోటి కూడా అర్థమైంది. అది కార్డు కాదు. నేను గీసిన బొమ్మ. బొమ్మను కొడితే గీత రావడమేమిటి?

"సత్తయ్యా, అది డబ్బా కాదు, కంప్యూటరు" అన్నారు జీఎం గారు, మెల్లగా. "కొడితే వస్తుందని నీకెవరు చెప్పారు?"

సత్తయ్య తన చెయ్యి వైపు చూసుకున్నాడు. తర్వాత మల్లేశ్ వైపు చూశాడు. కుర్చీలో కూలబడి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పెయింటు షాపోళ్లు రెండు మూడుసార్లు పిలిసిన్రు సార్. గీత వోతున్నదని. కొడ్తె వచ్చేది. టంకం పెట్టాలె, రేపు పెడ్త, ఎల్లుండి పెడ్త అనుకున్న. గింతట్ల మంటలైనయ్. గప్పుడు చెప్పనీకి భయమైంది సార్, ఈ వయసుల నౌకరి వోతే ఎట్ల అని. తమ్మీ, మాఫ్ చెయ్‌రా."

మల్లేశ్ లేచి వెళ్లి సత్తయ్య భుజం పట్టుకున్నాడు. "ఏడ్వకే అన్నా. నువ్వు గా దెబ్బ కొట్టకుంటె నేను ఖతమైతుంటి గద."

నేనైతే అంత సులువుగా క్షమించేదాన్ని కాదు. ఈ మాట ఆ రోజే మల్లేశ్‌తో అన్నాను కూడా. అతను నవ్వేశాడు.

తర్వాత పెయింటు షాపువాళ్లూ నోరు విప్పారు. మల్లేశ్ మీద విచారణ ఎత్తేశారు. సత్తయ్యకు గట్టిగా చీవాట్లు పెట్టి, సర్వీసు మాత్రం పూర్తి చేసుకోనిచ్చారు. జీఎం గారు నన్ను విడిగా పిలిచి, "బాగా ఆలోచించావమ్మా. లోపల మైకు పెట్టావా? చప్పుడుకు గీత వచ్చేట్టు చేశావా?" అన్నారు. లేదు సార్ అంటే కన్ను గీటారు. ఆయన ఇవాళ్టికీ అది నా పన్నాగమే అనుకుంటూ ఉండాలి.

పన్నాగమైతే ఎంత బాగుండేది! నా ప్రోగ్రాముకు దెబ్బ తగిలిందని తెలిసే దారే లేదు. దానికి చెవులు లేవు, ఒళ్లు లేదు. పోనీ పీసీలోనో మానిటరులోనో ఏదైనా వదులుగా ఉందా అంటే, మానిటరుకు జబ్బు చేస్తే తెరంతా వణకాలి గానీ, తెర మధ్యలో ఉన్న ఒక్క గీత ఎలా ఆరిపోతుంది? పీసీ మార్చినా అదే గీత ఎందుకు పోతుంది? అసలు కార్డులో పోయిన గీత ఏదో నాకు ముందు తెలియనే తెలియదు కదా. నేను ఆ ఓవెను దగ్గరికి వెళ్లిందే తక్కువ.

ఆ రోజు తర్వాత గీత మళ్లీ పోలేదు. అదే చిప్పు, అదే పీసీ, అదే 170. రోజుల తరబడి నడిపాను. పక్క బల్లాయన నవ్వుతున్నా సరే, మానిటరును రెండు వైపులా బాదాను. ఏమీ జరగలేదు. చదువుకున్నవాళ్లను అడిగాను, నాకంటే పెద్ద ఇంజనీర్లను అడిగాను. ఒకరు కాకతాళీయం అన్నారు, ఒకరు నీ జ్ఞాపకం తప్పు అన్నారు. జ్ఞాపకం తప్పైతే మల్లేశ్ ఉద్యోగం ఎలా నిలబడింది?

కొత్త ఓవెను వచ్చిన రోజు నన్ను కింది నుంచి పిలిచాడు మల్లేశ్. వెళ్లేసరికి కాయిళ్ల బండి తలుపు ముందు ఆపి నిలబడి ఉన్నాడు. కొత్త డబ్బా, కొత్త కార్డు, తళతళలాడే కొత్త అంకెలు.

"మేడం, జర సూసి చెప్పుండ్రి. ఎంతున్నది?"

"నూటపది. నీకు కనబడటం లేదా?"

"కనవడ్తుంది. నాకు నూటపదే కనవడ్తుంది." అతను బండి తోయలేదు. పిడి మీద వేళ్లు బిగుసుకుని ఉన్నాయి. "గా దినం గూడ గట్లనే కనవడె గద మేడం."

డబ్బా మూత తీసి, మీటరు పెట్టి, కార్డు లోపల పెట్టిన వేడి ఎంతో కొలిచి చూపించాను. అప్పుడు తోశాడు బండి. ఉద్యోగం తిరిగి వచ్చింది గానీ, తన కళ్ల మీద తన నమ్మకం తిరిగి రాలేదు. నేను ఆ ఫ్యాక్టరీ వదిలేదాకా కాయిళ్లు లోపలికి పంపే ప్రతిసారీ ఎవరో ఒకరిని పిలిచి అంకె చదివించుకునేవాడు. ఎవరూ లేకపోతే నాకు ఫోను చేయించేవాడు. నేను ఏ పనిలో ఉన్నా, ఒక్కసారి కూడా విసుక్కోకుండా మెట్లు దిగి వెళ్లి చదివాను.